రేగుచెట్టు మీద పట్టుకాయ

భోగికి ఇంకా రెండు రోజులుంది. మనవరాలికి భోగిపళ్ళు పోయాలి. రైతుబజారుకు వెళితే గంపల్లో రేగుపళ్ళు దొరుకుతాయి, కాదనను. కానీ శంషాబాద్‌లో ఉంటూ రేగుపళ్ళు కొనుక్కోవడమేమిటని నాకో పట్టుదల. ఎయిర్‌పోర్టు వచ్చినా, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చినా, పాలమాకుల వైపు వెళితే వెంచర్ల రాళ్ళ మధ్య రేగు పొదలు ఇంకా అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. మనవరాలిని వెంటబెట్టుకుని, చేతిలో ఓ సంచీతో బయల్దేరాను.

పళ్ళ కోసం కొమ్మ వంచుతుంటే పిల్ల అరిచింది. "తాతయ్యా, చెట్టుకు గుడ్డు కాసింది!"

నిజమే. చిన్న కోడిగుడ్డంత ఉంది. బూడిద కలిసిన లేత పసుపు రంగు. గుడ్డుకు తొడిమ ఉండదు కదా, దీనికి ఉంది. సన్నగా, నల్లగా, గట్టిగా. ఆ తొడిమ పైకి పోయి కొమ్మ చుట్టూ ఉంగరంలా బిగుసుకుపోయింది. గోటితో కొడితే టెంకాయ చిప్ప మీద కొట్టినట్టు చప్పుడు. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల ఏదో బరువైనది కదిలింది.

అక్కడే మేకలు కాసుకుంటున్న ఓ పెద్దాయన మా తంతు చూసి దగ్గరికొచ్చాడు. "గది పట్టుకాయ సారూ. ఎనుకట మస్తుగుంటుండె. కోసి నీళ్ళల్ల నానేసి, సన్నగ చీరి తాళ్ళు జేస్కుంటుంటిమి. తెగది అది." తీసుకెళ్ళమంటారా వద్దంటారా అని అడిగితే నవ్వాడు. "నాదా సారూ అది? పురుగుది."

అలా ఓ కొమ్మముక్కతో సహా పట్టుకాయ మా ఇంటికి చేరింది. భోగిపళ్ళ సంగతి మా ఆవిడ చూసుకుంది. నేను పురుగు సంగతిలో పడ్డాను.

సీతాకోక చిలుకకు మనం ఎంత అందమైన పేరు పెట్టుకున్నామో చూడండి. దాని చుట్టమే అయిన రాత్రి పురుగు దగ్గరికి వచ్చేసరికి మనకు పేరే కరువు. నిఘంటువు చిమ్మట అంటుంది. ఆ మాట వింటే సగంమందికి చెట్టు మీద రొద పెట్టే పురుగు గుర్తొస్తుంది. కవులు శలభం అన్నారు, దాన్ని దీపంలో పడి చావడానికే వాడుకున్నారు. ఇంగ్లీషు చదువుకున్న పిల్లలు 'మాత్' అంటున్నారు. నాకు నచ్చింది మాత్రం రైతు మాట. ఆకు తినే గొంగళి పిల్ల పురుగు. రెక్కలొచ్చి గుడ్లు పెట్టేది తల్లి పురుగు. ఎంత సొంపైన మాట! కానీ ఆ తల్లి పురుగును పొలంలో మనం చూసే చూపు శత్రువును చూసే చూపే. దీపపు ఎరలూ, లింగాకర్షక బుట్టలూ దాన్ని పట్టడానికే కదా.

ప్రపంచంలో తల్లి పురుగుల రకాలు లక్షా అరవై వేల దాకా ఉంటాయని అంచనా. సీతాకోక చిలుకలు చూస్తే దాదాపు పద్దెనిమిది వేలే. మన దేశంలోనే తల్లి పురుగులు పది వేల రకాలకు పైన. వీటిని ఓ వరసలో పెట్టినవాళ్ళలో ఒకరు హాంప్సన్ అనే ఆంగ్లేయుడు. 1892 నుంచి 1896 వరకు నాలుగు సంపుటాలు రాశాడు. ఇన్నేళ్ళయినా, ఏ ఊళ్ళో ఏ పురుగుంది అన్న ప్రశ్నకు చాలా ఊళ్ళకు సమాధానం రాసిలేదు. పంటను తినేవాటికి మాత్రం చరిత్ర ఉంది. మా పక్కనే నర్కూడలో నూనెగింజల పరిశోధన సంస్థ వారి పొలం ఉంది. అక్కడ ఆముదాన్ని తినే దాసరి పురుగు గురించి ఎవర్నడిగినా గంటసేపు చెబుతారు. రేగు పొదను తినే పురుగు గురించి ఎవరిని అడగాలి? రేగు పొద పంట కాదు, కాబట్టి దాని పురుగు తెగులూ కాదు.

సరే, నా కాయ ఎవరిది? ఇలాంటి గూళ్ళు కట్టే పెద్ద పురుగులు మన వైపు కొన్నే. ఆకుపచ్చ రెక్కలు, పొడుగు తోకలుండే చందమామ పురుగు గూడు పలచని కాగితంలా ఉండి ఆకుల మధ్య దాగి ఉంటుంది. అట్లాస్ అనే మహాకాయురాలి గూడు ఎండుటాకులో చుట్టిన గోధుమరంగు పీచు ఉండలా ఉంటుంది. కొయ్య గుండులాంటి కాయకు తొడిమ తొడిగి, దాన్ని ఉంగరంలా కొమ్మకు బిగించే పనితనం మన ప్రాంతంలో ఒక్కదానిదే. దసలి పురుగు. దసలి పట్టు చీర ఇచ్చే పురుగు అదే. పట్టు చీరల పురుగు మల్బరీ తోటల్లో కదా ఉండేది అనుకుంటారేమో. అది వేరు, మనిషి చేతిలో పెరిగి ఎగరడమే మరిచిపోయిన పురుగు అది. ఇది అడవి బిడ్డ.

పాత పుస్తకాలు తిరగేస్తే సంతోషం కలిగించే సంగతులు దొరికాయి. విలియం రాక్స్‌బర్గ్ పేరు విన్నారా? కలకత్తా వెళ్ళడానికి ముందు మన సామర్లకోటలో చాలా ఏళ్ళు ఉండి, కోరమండల్ తీరపు మొక్కల మీద పనిచేసిన వైద్యుడు. ఆయన దసలి పురుగు మీద రాసిన వ్యాసాన్ని 1804లో లండన్‌లోని లిన్నియన్ సొసైటీ అచ్చువేసింది. ఆ పురుగు తినే చెట్లని ఆయన చెప్పినవి రెండు: మద్ది, రేగు. ఆ తర్వాత 1830లలో సైక్స్ అనే కల్నల్ దక్కన్ పట్టుపురుగు గురించి రాశాడు. ఇక్కడివాళ్ళు ఈ కాయను సన్నని పట్టీలుగా కోసి, తుపాకీ గొట్టాన్ని కొయ్యకు బిగించి కట్టడానికి వాడతారని అందులో ఉంది. చదువుతుంటే ఆ మేకల పెద్దాయన మాటే చెవిలో వినిపించింది. 'తెగది అది.'

అసలు పేరు విషయంలోనే ఈ పురుగుకు ఓ తగాదా ఉంది. 1758లో లిన్నేయస్ 'పఫియా' అని ఒక పేరు పెట్టాడు. 1773లో డ్రూరీ 'మైలిట్టా' అన్నాడు. మన పట్టు శాఖల పుస్తకాలన్నీ మైలిట్టా అనే రాస్తాయి. వర్గీకరణ చేసేవాళ్ళలో పఫియాయే సరైనదనేవాళ్ళూ ఉన్నారు. శతాబ్దాలుగా మనిషి నూలు తీసుకుంటున్న పురుగు పరిస్థితే ఇలా ఉంటే, మిగతావాటి సంగతి ఊహించుకోండి.

ఈ కాయ లోపలి జీవి చలికాలమంతా, ఎండాకాలమంతా నిద్రపోతుంది. తొలకరికి లేస్తుంది. ఓ వెదురు బుట్టలో పెట్టి, మీద దోమతెర ముక్క కట్టి, వరండాలో నీడన వేలాడదీశాను. ఫ్యాను కింద పెట్టలేదు, ఫ్రిజ్జులో అసలే పెట్టలేదు. మేలో మాత్రం రోజూ ఓసారి బుట్ట మీద నీళ్ళు చిలకరించాను. కాయ చచ్చిందా బతికుందా అని మా ఆవిడ వారానికోసారి అడిగేది. చేతిలో పెట్టుకుంటే తెలిసేది. చచ్చిన కాయ తేలికైపోతుంది. ఇది ఇంకా బరువుగానే ఉంది.

జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాయి. మూడో రోజు సాయంత్రం దీపాలు పెట్టే వేళ, కాయ తొడిమ వైపు తడిసినట్టు ఓ మచ్చ కనిపించింది. ఇక్కడో వింత చెప్పాలి. గొడ్డలి పెడితే తప్ప విరగని ఆ గోడను లోపలి పురుగు పళ్ళతో కొరకదు. దానికి నోరే పనిచేయదు. ఓ ద్రవాన్ని వదులుతుంది. అది పట్టు పోగుల మధ్య బంకను కరిగిస్తుంది. మెత్తబడిన చోట పోగులను పక్కకు తోసుకుంటూ బయటికొస్తుంది. గంటలోపే బుట్ట అంచున ఓ ముడుతల మూట వేలాడింది. ఇంకో గంటకు ఆ ముడుతలు విప్పుకుని రెక్కలయ్యాయి.

మనవరాలు నోరు తెరిచింది. నేనూ తెరిచానేమో. జానెడు కంటే తక్కువ కాదు ఆ రెక్కల విస్తీర్ణం. పసుపులో బూడిద కలిపిన రంగు. నాలుగు రెక్కల మీదా నాలుగు కళ్ళు. ప్రతి కంటి మధ్యలో పొలుసుల్లేని చిన్న గాజు కిటికీ. టార్చి వేస్తే వెలుగు అందులోంచి అవతలికి పడింది. పొట్ట లావుగా ఉంది, తలమీది మీసాలు సన్నగా ఉన్నాయి. అంటే ఆడది. మగదైతే రంగు ఇటుక ఛాయకు తిరిగి, మీసాలు దువ్వెనల్లా వెడల్పుగా ఉంటాయి. దానికున్న ఆయుష్షు ఓ వారం, మహా అయితే పది రోజులు. తిండీ లేదు, నీళ్ళూ లేవు. గొంగళిగా ఉన్నప్పుడు రేగాకు తిని కూడబెట్టుకున్నదే దాని ఆస్తి.

చుట్టుపక్కల ఈ జాతి ఇంకా ఉందో లేదో తెలుసుకోవడానికి ఆడ పురుగే మంచి సాధనం. రాత్రి కాగానే అది కదలకుండా కూర్చుని గాలిలోకి ఓ వాసన వదులుతుంది. మన ముక్కుకు అందదు. మగవాటి దువ్వెన మీసాలకు చాలా దూరం నుంచి అందుతుంది. దసలి పెంచే ఊళ్ళలో గుడ్ల కోసం మగా ఆడా పురుగులను ఒకేచోట ఉంచి ఈ పనే చేయిస్తారు. నేను బుట్టను డాబా మీద తీగకు కట్టాను. ఒక్క మగ పురుగు వచ్చినా చాలు, శంషాబాద్ రేగు పొదల్లో ఈ జాతి బతికే ఉందని రాసుకోవచ్చు.

మా డాబా మీంచి చూస్తే ఆకాశం అంచున ఎయిర్‌పోర్టు వెలుగు కనిపిస్తుంది. దాదాపు 5,500 ఎకరాల ఆవరణ. 2008 మార్చిలో మొదలైనప్పటి నుంచి ఆ వైపు చీకటి పడటం లేదు. దీపం చుట్టూ పురుగు ఎందుకు తిరుగుతుందో కూడా ఇన్నాళ్ళూ మనకు తెలియలేదు. చంద్రుడనుకుని అని చెప్పుకునేవాళ్ళం. 2024లో కొందరు శాస్త్రవేత్తలు వేగంగా తీసే కెమెరాలతో చూసి తేల్చిందేమిటంటే, రాత్రి ఎగిరే పురుగు వెలుగున్న వైపు పై దిక్కు అనుకుని అటు వీపు తిప్పుతుందట. వెలుగు ఆకాశంలో ఉన్నంతకాలం అది సరైన లెక్కే. వెలుగు పక్కన స్తంభం మీదుంటే లెక్క తప్పి, దాని చుట్టూ గింగిరాలు కొడుతుంది. కవులు అనుకున్నట్టు ప్రేమా కాదు, మోహమూ కాదు. నిలువునా నిలబడటానికి పడే తంటా.

మొదటి రాత్రి ఎవరూ రాలేదు. తెల్లపంచె కట్టి పక్కనే ఓ బల్బు వేలాడదీశాను కనుక వేరే చుట్టాలు మాత్రం చాలామంది వచ్చారు. దాసరి పురుగు తల్లి, వెనక రెక్కల మీద నలుపు తెలుపు పట్టీలతో. తొలి వానకు నేలలోంచి లేచే ఎర్ర గొంగళి తల్లులు మూడు. నాకు పేరు తెలియని చిన్నవి ఎన్నో. వాటికీ ఫొటోలు తీసి తేదీతో రాసుకున్నాను. రెండో రాత్రి వాన. మూడో రాత్రి తెల్లవారుజామున నాలుగింటికి లేచి చూశాను. బుట్ట మీద బల్లి ఉంది. నాలుగో రోజు ఆ తల్లి బుట్ట గోడల నిండా గుడ్లు పెట్టింది. కలయిక లేని గుడ్లు. అవి పొదగవని తెలిసినా పది రోజులు అలాగే ఉంచాం. పిల్ల రోజూ లెక్కపెట్టేది.

నోటుబుక్కులో రాశాను: వచ్చిన మగ పురుగులు 0.

సున్నాను రాయడం ఎందుకని అడిగే మిత్రులున్నారు. ఎందుకో చెప్పడానికి మిమ్మల్ని కాసేపు ఉత్తర తెలంగాణకు తీసుకెళ్ళాలి. ఒకే దసలి పురుగు ఒక్కో అడవిలో ఒక్కో తీరుగా స్థిరపడింది. జార్ఖండ్ వైపు డాబా, బస్తర్‌లో రైలీ, ఒడిశాలో మోడల్, సుకిందా... ఇలా నలభై పైచిలుకు స్థానిక రకాలను లెక్కగట్టారు. మనకూ ఓ సొంత రకం ఉంది. పాత ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం జిల్లాల మద్ది చెట్ల మీద బతికేది. దాని పేరు 'ఆంధ్ర లోకల్'. రాష్ట్రం 2014లో విడిపోయింది, పురుగు తెలంగాణ అడవిలోనే ఉంది, పేరు మాత్రం మారలేదు. పురుగుల మీద ఇంకా ఎవరూ ఉద్యమం చెయ్యలేదు!

చెన్నూరు, మహదేవపూర్ వైపు దసలి పెంచే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంట్లో తట్టల్లో పెంచే పని కాదిది. పిల్ల పురుగులను అడవిలో మద్ది చెట్ల మీదికి వదిలి, పిట్టలూ కందిరీగలూ తినకుండా పగలంతా కాపలా కాస్తారు. ఆంధ్ర లోకల్ కాయ గట్టిది, బిగువైనది, దారం చక్కగా తీయవచ్చని పేరు. కానీ గుడ్లు తక్కువ పెడుతుంది. అందరూ ఒకేసారి గూడు విడవరు, కొన్ని వేళకాని వేళ బయటికొస్తాయి. జత దొరకదు. పెంచేవాడికి ఇది నష్టం. అందుకని ఎక్కువ గుడ్లు పెట్టే డాబాను బయటి నుంచి తెచ్చి ఇచ్చారు. రైతును తప్పు పట్టలేం, అతనికి కాయలు కావాలి. అదే చెట్ల మీద రెండూ కలిస్తే సొంత రకం మిగలదు. అది తగ్గిపోతోందని వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఏ అడవిలో ఎన్ని కాయలుండేవో పాత లెక్కలుంటే, ఎంత పోయిందో చెప్పడం ఎంత తేలికయ్యేది!

నా రేగు కాయ ఏ రకమంటారా? ఒక్క కాయతో అది తేలదు. తొడిమ పొడవు, కాయ బరువు, పెంకు మందం పదుల కాయల్లో కొలిచి చూడాలి. నేను రాయగలిగినవి నాలుగే. ఏం చూశాను, ఎక్కడ, ఎప్పుడు, ఏ చెట్టు మీద. వీటికో ఫొటో జతచేసి ఐనాచురలిస్ట్‌లోనో, మన దేశపు తల్లి పురుగుల కోసమే ఉన్న 'మాత్స్ ఆఫ్ ఇండియా'లోనో పెడితే, తెలిసినవాళ్ళు చూసి అవునో కాదో చెబుతారు. 2012 నుంచి ఏటా జులై చివర్లో తల్లి పురుగుల వారమని ప్రపంచమంతా జరుపుతున్నారు. ఆ రోజుల్లో ఓ పాత దుప్పటీ, ఓ బల్బూ ఉంటే చాలు, మీ డాబా కూడా లెక్కలోకి వస్తుంది. పిల్లలకు సెలవు రోజు చూసి పెట్టుకోండి. మర్నాడు బడికి ఆలస్యమైతే నన్ను తిట్టకండి.

ఆగస్టులో ఓ ఉదయం వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. మేకల పెద్దాయన మనవడు పంపాడు. జనవరిలో నా నంబరు రాసిచ్చిన సంగతి నేనే మరిచిపోయాను. చెరువు కట్ట దగ్గర రేగుకు ఇంకో కాయ. వెంటనే వెళ్ళాం.

కాయకు కన్నం ఉంది. ఇక్కడ తొందరపడకూడదు. ఊజీ ఈగ అని ఒకటుంది, గొంగళి ఒంటి మీద గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు పట్టుపురుగును లోపలే తినేసి చిన్న గుండ్రని కన్నం చేసుకుని బయటపడతాయి. పిట్ట పొడిస్తే కన్నం పక్కన ఉంటుంది, అంచులు చిరిగి ఉంటాయి. ఈ కన్నం సరిగ్గా తొడిమ దగ్గర ఉంది. బొటనవేలు పట్టేంత పెద్దది. పోగు తెగలేదు, పక్కకు ఒత్తుకుంది. చుట్టూ ఎండిన గోధుమరంగు మరక. లోపల వేలు పెడితే ప్యూపా పొట్టు పొడిపొడిగా తగిలింది. అంటే ఓ తల్లి పురుగో, మగ పురుగో ఈ జూన్‌లోనే ఇందులోంచి ఆరోగ్యంగా బయటికి నడిచింది. నా బుట్టకు బహుశా కిలోమీటరున్నర దూరం.

చెట్టు పక్కనే తెల్ల రంగు వేసిన హద్దు రాయి, దాని మీద ఎర్రగా ప్లాటు నంబరు. జేసీబీ ఇంకా రాలేదు. నేను చెట్టుకానుకుని నోటుబుక్కు తీశాను. తేదీ, చెరువు కట్ట, రేగు, ఖాళీ కాయ 1, కన్నం తొడిమ వైపు. పెద్దాయన నా భుజం మీంచి తొంగి చూశాడు.

"రాస్తే పైసలొస్తయా సారూ?"

"రావు పెద్దయ్యా."

ఆయన కాసేపు మేకల వైపు చూశాడు. తర్వాత కర్రతో చెరువు అవతలి ఒడ్డు చూపించాడు.

"గా పక్క రెండు చెట్లున్నయ్. అయి గూడ రాస్కో."